ఐస్‌లాండ్ నివారణ నమూనా

పిల్లలు, యువత మద్యం, పొగాకు, గంజాయి వంటి వాటి జోలికి వెళ్లకుండా ఊరంతా కలిసి జాగ్రత్తపడే పద్ధతికి ఐస్‌లాండ్ నివారణ నమూనా అని పేరు. 1990ల చివరిలో ఐస్‌లాండ్ దేశంలో ఇది రూపుదిద్దుకుంది. పిల్లవాడికి నీతులు చెప్పడం కన్నా వాడు పెరిగే ఇల్లు, చదివే బడి, ఆడుకునే మైదానం, తిరిగే స్నేహబృందం ఎలా ఉన్నాయో చూసి వాటిని సరిదిద్దడం దీని ప్రధాన సూత్రం. ఇప్పుడు ‘ప్లానెట్ యూత్’ పేరుతో ఇతర దేశాల్లోనూ దీన్ని అనుసరిస్తున్నారు.

నేపథ్యం

ఐస్‌లాండ్‌లో 1989 మార్చి 1 దాకా బీరు అమ్మకం నిషిద్ధం. నిషేధం తొలగిన తరువాతి దశాబ్దంలో, శుక్రవారం రాత్రయితే రాజధాని రేక్యవిక్ నడిబొడ్డున తాగి తూలే బడిపిల్లల గుంపులు కనిపించేవి. 1998 సర్వే ప్రకారం 15–16 ఏళ్ల వారిలో 42 శాతం మంది అంతకుముందు నెల రోజుల్లో ఒక్కసారైనా మత్తెక్కేలా తాగారు. 23 శాతం మంది రోజూ సిగరెట్లు కాల్చేవారు. 17 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు గంజాయి పీల్చిచూశారు. బడుల్లో మత్తు వల్ల కలిగే హాని గురించి పాఠాలు అప్పటికే ఉన్నాయి. పిల్లలు విన్నారు, పరీక్షలో రాశారు, వారాంతం వచ్చేసరికి మళ్లీ సీసా పట్టారు.

మత్తు కోరే మనసుకు ఆట, సంగీతం, నృత్యం ద్వారా సహజమైన ఉల్లాసం అందించవచ్చని అమెరికన్ మనస్తత్వవేత్త హార్వీ మిల్క్‌మన్ వాదించేవారు. 1991 నుంచి ఆయన ఐస్‌లాండ్‌కు వచ్చి పనిచేయడంతో ఆ ఆలోచన అక్కడి పరిశోధకులకు చేరింది. సామాజిక శాస్త్రవేత్త ఇంగా డోరా సిగ్‌ఫుస్‌డోట్టిర్, ఆమె సహచరులు దానికి లెక్కల ఆధారం సమకూర్చారు. 1992, 1995, 1997లలో 14–16 ఏళ్ల బడిపిల్లల చేత ప్రశ్నపత్రాలు నింపించి చూస్తే తాగే పిల్లలకూ తాగని పిల్లలకూ మధ్య తేడాలు స్పష్టంగా తేలాయి. వారంలో మూడు నాలుగు సార్లు శిక్షకుడి పర్యవేక్షణలో ఆటలో పాల్గొనడం, అమ్మానాన్నలతో ఎక్కువసేపు గడపడం, బడిలో తన బాగోగులు పట్టించుకునేవారు ఉన్నారనిపించడం, రాత్రి పొద్దుపోయాక వీధిలో లేకపోవడం. ఈ నాలుగూ ఉన్నచోట మత్తు తక్కువ.

అమలు

ఈ నమూనాకు ప్రాణం ఏటా జరిగే సర్వే. ప్రశ్నపత్రం మీద పిల్లల పేర్లుండవు. ఎక్కడున్నావో, ఎవరితో ఉన్నావో ఇంట్లో తెలుసా, రాత్రి పదింటికి బయట ఉంటావా వంటివి అడుగుతారు. నింపిన కాగితాలు పరిశోధకుల బీరువాలో మగ్గిపోవు. దాదాపు రెండు నెలల్లోనే ప్రతి పురపాలక సంఘానికీ, ప్రతి బడికీ తమ తమ అంకెలు అందుతాయి. దేశ సగటు విని ఎవరూ ఉలిక్కిపడరు. మన బడిలో పదో తరగతి పిల్లలు ఇంతమంది తాగుతున్నారని తెలిసినప్పుడు మాత్రం ఆ సాయంత్రమే తల్లిదండ్రుల సమావేశం నిండిపోతుంది. ఈ వ్యవస్థలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే.

తల్లిదండ్రులు ప్రతి బడిలో సంఘంగా ఏర్పడతారు. పెద్దలు లేని పార్టీలకు ఇల్లు ఇవ్వబోమని, పిల్లలకు మద్యం కొనిపెట్టబోమని, పక్కింటి పిల్లలనూ గమనిస్తామని ఒప్పందం రాసుకుంటారు. వారాంతపు రాత్రుల్లో వంతులవారీగా ఇద్దరు ముగ్గురు కలిసి పేటలో నడుస్తారు. ఎవరినీ పట్టుకోరు, తిట్టరు. కనిపించిన పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడి ఇంటికి పంపుతారు. పెద్దవాళ్లు వీధిలో ఉన్నారన్న సంగతి తెలియడమే చాలావరకు పని చేస్తుంది.

చట్టం తోడుగా నిలిచింది. 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలు రాత్రి 8 తరువాత, 13–16 ఏళ్ల వారు 10 తరువాత పెద్దలు తోడు లేకుండా బయట తిరగకూడదు. మే నుంచి ఆగస్టు వరకు, చీకటే పడని వేసవిలో, ఈ వేళలు రెండు గంటలు పెరుగుతాయి. బడి, క్రీడాసంఘం కార్యక్రమం ముగించుకుని ఇంటికి వచ్చే పెద్ద పిల్లలకు మినహాయింపు ఉంది. ఈ వేళలు ముద్రించిన అయస్కాంత బిళ్లలు ఇళ్లకు పంచారు, ఫ్రిజ్ తలుపు మీద ఉంటే పిల్లలతో వాదన తగ్గుతుందని. 20 ఏళ్లు నిండనివారికి మద్యం, 18 నిండనివారికి పొగాకు అమ్మరాదు. వాటి ప్రకటనలు నిషిద్ధం.

ఇంట్లో ఉండమని చెప్పి చేయడానికి ఏమీ లేకుండా వదిలేస్తే పిల్లలు వినరు. డిసెంబరులో రేక్యవిక్‌లో వెలుతురు నాలుగు గంటలే. అందుకే ప్రభుత్వం క్రీడ, సంగీతం, చిత్రకళ సంఘాలకు నిధులు పెంచింది. కప్పు ఉన్న ఫుట్‌బాల్ మైదానాలు లేచాయి. రేక్యవిక్ నగరం ప్రతి పిల్లకూ ‘విరామ కార్డు’ ఇచ్చింది. ఒక దశలో దాని విలువ ఏడాదికి 35,000 క్రోనాలు. ఆ సొమ్ము ఇంటికి రాదు, సంఘం రుసుములోనే తగ్గుతుంది. బీద ఇంటి పిల్ల కూడా వయొలిన్ తరగతిలో, ఈత కొలనులో తోటివారి పక్కన నిలబడగలిగింది.

ఫలితాలు

2016 నాటికి నెలలో మత్తెక్కేలా తాగిన 15–16 ఏళ్ల వారు 5 శాతానికి, రోజూ సిగరెట్ కాల్చేవారు 3 శాతానికి, గంజాయి రుచి చూసినవారు 7 శాతానికి తగ్గారు. 1997, 2012 మధ్య, వారపు రోజుల్లో తరచుగా తల్లిదండ్రులతో గడిపే పిల్లలు 23 శాతం నుంచి 46 శాతానికి, వారానికి నాలుగు సార్లకు తక్కువ కాకుండా ఆటల్లో పాల్గొనేవారు 24 నుంచి 42 శాతానికి పెరిగారు.

విమర్శలు

ఈ తగ్గుదల అంతా నమూనా గొప్పే అనలేం. అదే కాలంలో యూరప్‌లో చాలాచోట్ల యువత మద్యపానం తగ్గింది. పోల్చి చూడడానికి నమూనా అమలుకాని మరో ఐస్‌లాండ్ లేదు. జనాభా నాలుగు లక్షలు కూడా మించని సంపన్న దేశపు అనుభవం అంతటికీ వర్తిస్తుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. రాత్రి వేళల నిబంధన పిల్లల స్వేచ్ఛకు అడ్డమని కొందరు అంటారు. తరువాతి ఏళ్లలో ఈ-సిగరెట్లు, పెదవి కింద పెట్టుకునే నికోటిన్ పొట్లాలు యువతలో వ్యాపించాయి. ఏటా సర్వే ఆపకూడదనడానికి అదే కారణం.

ఐర్లండ్ పశ్చిమ ప్రాంతం, చిలీ, కెనడాలోని కొన్ని చోట్ల ఈ పద్ధతి చేపట్టారు.

తెలుగు రాష్ట్రాలు

ఊరు కలిసి మత్తును ఎదిరించడం తెలుగువారికి తెలిసిన పనే. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు అక్షరాస్యతా తరగతుల్లో కూర్చుని మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధానికి దారితీసింది. అది దుకాణం మీద పోరు. పిల్లల సాయంత్రాల సంగతి ఇంకా ఎవరి పద్దులోనూ పడలేదు.

కేంద్రం 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం పీల్చే మత్తు (జిగురు, థిన్నర్ వంటివి) వాడకం పెద్దల్లో 0.58 శాతం కాగా పిల్లల్లో 1.17 శాతం. మిగతా మత్తులన్నిటికీ భిన్నంగా ఇక్కడ పిల్లలే ముందున్నారు. ఇలాంటి సర్వేలు ఇచ్చే అంకెలు దేశానివి, రాష్ట్రానివి. మన మండలంలోని ఉన్నత పాఠశాల సంగతి అవి చెప్పవు. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మరాదని 2003 చట్టం చెబుతోంది. మైనరుకు మత్తు పదార్థం ఇచ్చినవారికి 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. బడి ప్రహరీ నుంచి 100 గజాలు కొలిచి చూడడానికి పోలీసు రావాల్సిన పనిలేదు, తల్లిదండ్రుల సంఘం చాలు. పిల్లవాడు ఇప్పటికే చిక్కుకుని ఉంటే జాతీయ సహాయ సంఖ్య 14446కు ఫోన్ చేయవచ్చు. అమ్మకం గురించి తెలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో 1972కు, తెలంగాణలో 1908కి చెప్పాలి.