చెదరగొట్టడం, సాగనంపడం

మైలవరం సెంటర్లో ఎవరినైనా ఆపి "అవే సపోర్టర్స్ అంటే ఎవరండీ?" అని అడగండి. ఎగాదిగా చూస్తారు. అదే "అవతలి ఊరోళ్లు" అనండి, వెంటనే అర్థమైపోతుంది. సంక్రాంతికి కబడ్డీ పోటీలకో, ఎడ్ల బండలాగుడికో, కోడిపందేల బరికో పక్క మండలాల నుంచి ట్రాక్టర్ల మీద, ఆటోల్లో, బైకుకి ముగ్గురు చొప్పున దిగేవాళ్లు. మన జట్టు ఓడుతుంటే ఈల వేసేవాళ్లు. పోటీలు పెట్టినవాళ్లకి ఆట నడుస్తున్నంతసేపూ పెద్ద భయం ఉండదు. అసలు భయం ఆట అయిపోయాకే. చీకటి పడుతుంటుంది, కొందరికి మందు ఎక్కి ఉంటుంది, ఓడినవాళ్లు గెలిచినవాళ్ల వీధుల్లోంచే ఇంటికి పోవాలి.

ఈ ఒక్క అరగంటని ఎలా దాటించాలన్నది ఫుట్‌బాల్ దేశాల్లో పెద్ద పోలీసు విద్య. ఇంగ్లండ్‌లో బయటి ఊరి అభిమానులకి వేరే స్టాండు, వేరే గేటు. గొడవ జరుగుతుందనుకుంటే విజిల్ పడ్డాక స్థానికులంతా వెళ్లిపోయేదాకా వాళ్లని లోపలే ఆపేస్తారు. తర్వాత గుర్రాల మీద, కాలినడకన పోలీసులు చుట్టూ నడుస్తూ రైల్వే స్టేషన్ దాకా తీసుకెళ్తారు. కొన్ని మ్యాచులకైతే క్లబ్బు పెట్టిన బస్సుల్లో వస్తేనే టికెట్టు. అర్జెంటీనా ఇంకో అడుగు ముందుకేసింది. 2013లో లా ప్లాటాలో ఒక అభిమాని చనిపోయాక లీగ్ మ్యాచులకి బయటి అభిమానులే రాకూడదంది.

వీటన్నిటి వెనకా ఒకటే నమ్మకం: గొడవ బయటి నుంచి వస్తుంది, బయటివాణ్ణి విడిగా పెడితే గొడవ ఆగుతుంది. చరిత్ర తిరగేస్తే ఈ నమ్మకం సగమే నిజం అనిపిస్తుంది. ఆ మిగతా సగం కోసం ముందు హైదరాబాద్ వెళ్లాలి.

ఎందుకంటే మన దగ్గర ఫుట్‌బాల్ చరిత్రలో పోలీసు కేవలం గీత బయట లాఠీ పట్టుకుని నిలబడినవాడు కాదు. ఆటగాడే పోలీసు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చుకుంది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి వాళ్లు ఆ జట్టులోంచే ఒలింపిక్స్‌కి వెళ్లారు. వాళ్లకి ఆట నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. తర్వాత భారత జట్టుకీ ఆయనే కోచ్. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం దాకా వెళ్లింది ఆయన చేతుల మీదుగానే.

పరాయి మైదానం అంటే ఏమిటో రహీం సాబ్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని ఇండోనేషియా రానివ్వలేదు. భారత ప్రతినిధి జి.డి. సోంధీ దాన్ని తప్పుబట్టారు. దాంతో ఊరంతా భారత్ మీద మండిపడింది. ఫైనల్‌కి ముందు జనం మన ఎంబసీ మీదకి వెళ్లారు. సెప్టెంబర్ 4న లక్షమంది దాకా ఉన్న స్టేడియంలో భారత్ దక్షిణ కొరియాతో ఆడింది. ప్రేక్షకులు మన జట్టుకి వ్యతిరేకంగా గోల పెడుతూనే ఉన్నారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి గోల్ కొట్టారు. 2-1తో బంగారు పతకం. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఆ రోజు స్టేడియంలో భారత్ కోసం అరిచినవాళ్లలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉందని ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. అవతలివాడెవడు, మనవాడెవడు అన్న లెక్క స్టేడియంలోకి అడుగుపెట్టగానే ఎంత సులువుగా మారిపోతుందో చూడండి.

ఇక్కణ్ణుంచి ఏడేళ్లు ముందుకొస్తే హైదరాబాద్‌లోనే, లాల్ బహదూర్ స్టేడియంలో ఇంకో రోజు. ఆట ఫుట్‌బాల్ కాదు, క్రికెట్. 1969 అక్టోబర్, న్యూజీలాండ్‌తో మూడో టెస్టు. భారత్ 49 పరుగులకే తొమ్మిది వికెట్లు పోగొట్టుకుంది. చివరి జోడీ వెంకటరాఘవన్, బిషన్ సింగ్ బేడీ ఎలాగో 40 పరుగులు కలిపి 89 దాకా లాక్కొచ్చారు. ఇన్నింగ్స్ ముగియగానే ఒక కుర్రాడు వాళ్లని అభినందిద్దామని మైదానంలోకి పరిగెత్తాడు. పోలీసు కొట్టాడు. రక్తం వచ్చింది. అంతే. అప్పటిదాకా తమ జట్టు ఆట చూసి నీరసపడి కూర్చున్న జనం లేచారు. కుర్చీలు గాల్లోకి లేచాయి, మంటలు లేచాయి. ఆ రోజుకి ఆట అక్కడితో ఆగింది.

స్టేడియంలో న్యూజీలాండ్ అభిమానుల గుంపేమీ లేదు. అవతలివాళ్లంటూ అసలు లేరు. అయినా గొడవ జరిగింది. అది ఒక్క దెబ్బతో పుట్టింది. ఆ ఏడాది సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1969 అంటే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. జనవరి నుంచీ ఊరేగింపులు, లాఠీచార్జీలు, కాల్పులు. పోలీసుకి గుంపు అంటే ఏమిటో, గుంపుకి పోలీసు అంటే ఏమిటో నెలల తరబడి వీధుల్లో తెలిసొచ్చింది. ఆ రోజు మైదానంలోకి పరిగెత్తింది ఒక అభిమాని. పోలీసు కంటికి కనిపించింది మాత్రం గుంపులో ఒక ముక్క. కొట్టాక నిజంగానే గుంపు తయారైంది.

ఈ చూపు ఆ పోలీసు సొంతమేం కాదు. మన పోలీసు వ్యవస్థకి పునాది వేసిన చట్టం 1861 నాటిది. 1857 తిరుగుబాటు అణచివేశాక, మళ్లీ అలాంటిది జరక్కుండా కట్టుకున్న ఏర్పాటు అది. ఆ ముందు ఏడాది వచ్చిన శిక్షాస్మృతిలో ఐదుగురు లేక అంతకుమించి చట్టం వద్దన్న ఉద్దేశంతో చేరితే 'చట్టవిరుద్ధ సమూహం'. మొన్న 2024లో కొత్త న్యాయసంహిత వచ్చినా ఐదుగురి లెక్క అలాగే ఉంది. ఆ చట్టాల్లో గుంపుతో చేయాల్సిన పనికి ఉన్న మాట ఒకటే, చెదరగొట్టడం. గుంపుని ఇంటికి చేర్చాలి అన్న మాటకి అక్కడ చోటు లేదు.

స్టేడియంలో ఈ మాట ప్రాణాలు తీస్తుంది. వీధిలో చెదరగొడితే జనం నాలుగు సందుల్లోకి పారిపోతారు. స్టేడియంలో సందులుండవు, గేట్లుంటాయి. 1964 మే 24న లీమాలో పెరూ, అర్జెంటీనా ఆడుతున్నాయి. పెరూ గోల్‌ని రిఫరీ చెల్లదన్నాడు. ఇద్దరు మైదానంలోకి దూకారు. పోలీసులు స్టాండ్ల మీదకి బాష్పవాయువు వదిలారు. జనం మెట్ల వెంట కిందకి పరిగెత్తారు. కింద ఇనుప తలుపులు మూసి ఉన్నాయి. 328 మంది చనిపోయారు, ఎక్కువమంది ఊపిరాడక.

లీమా నుంచి ఎవరేం నేర్చుకున్నారో తెలియాలంటే 58 ఏళ్ల తర్వాత మళ్లీ ఇండోనేషియాకే పోవాలి. 2022 అక్టోబర్ 1, మలాంగ్ పట్టణం, కంజురుహాన్ స్టేడియం. అరెమా జట్టు సొంతగడ్డ మీద పెర్సెబయ చేతిలో 3-2తో ఓడింది. గొడవలవుతాయని పెర్సెబయ అభిమానుల్ని ముందే రావొద్దన్నారు. అంటే అవతలి ఊరివాడు ఒక్కడూ లేడు. ఓడిన బాధలో సొంత జట్టు అభిమానులు కొందరు మైదానంలోకి దిగారు. పోలీసులు స్టాండ్లలో కూర్చున్నవాళ్ల మీదకి కూడా బాష్పవాయువు కొట్టారు. స్టేడియంలో దాన్ని వాడకూడదని ఫిఫా నియమాల్లో స్పష్టంగా ఉంది. ఇరుకు గేట్ల దగ్గర నలిగి, ఊపిరాడక 135 మంది పోయారు. వాళ్లలో చిన్నపిల్లలున్నారు. బయటివాళ్లని రానివ్వకపోవడమే రక్షణ అనుకుంటే, ఆ రోజు ఆ స్టేడియం అత్యంత సురక్షితమైన చోటు అయ్యుండాలి.

ఇంగ్లండ్ కథా దీనికి దూరమేం కాదు. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరోలో లివర్‌పూల్ అభిమానులు మైదానం చుట్టూ కట్టిన కంచెల వెనక నలిగి 97 మంది చనిపోయారు. అభిమానులు మైదానంలోకి దూకకుండా కట్టిన కంచెలవి. బయట తోపులాట ఎక్కువైతే పోలీసులు ఒక గేటు తెరిచారు. లోపలికి వచ్చేవాళ్లని అప్పటికే కిక్కిరిసిన భాగం వైపు పోకుండా మళ్లించలేదు. తర్వాత నింద మాత్రం తాగొచ్చిన అభిమానుల మీదకి నెట్టారు. ఆ నింద తుడిచెయ్యడానికి చనిపోయినవాళ్ల కుటుంబాలకి 27 ఏళ్లు పట్టింది. 2016లో జ్యూరీ తేల్చింది: తప్పు అభిమానులది కాదు.

అయితే అభిమానుల్ని విడిగా కూర్చోబెట్టడమే దండగ అనడం కూడా తప్పే. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడుతుంటే రెండు జట్ల అభిమానులూ ఒకే స్టాండులో కలిసి కూర్చున్నారు. మైదానంలో ఇద్దరు ఆటగాళ్ల మధ్య గొడవ పైన స్టాండులోకి పాకింది. 16 మంది చనిపోయారు. కలకత్తాలో ఇప్పటికీ ఆ రోజున వాళ్ల పేరు మీద రక్తదానం చేస్తారు. కాబట్టి వేరే స్టాండు, వేరే దారి కావాలి. ప్రశ్న ఆ వేరు చేసినవాణ్ణి ఎలా చూస్తారన్నదే. దొంగని తీసుకెళ్తున్నట్టా, చుట్టాన్ని తీసుకెళ్తున్నట్టా?

దీనికి ఒక దేశం ప్రయోగం చేసి చూపించింది. 2004 యూరో కప్ పోర్చుగల్‌లో జరిగింది. ఇంగ్లండ్ అభిమానులంటే అప్పటికి యూరప్ అంతా హడలు. స్టీఫెన్ రైకర్, క్లిఫర్డ్ స్టాట్ అనే సామాజిక మనస్తత్వవేత్తలు చెప్పిన మాట అక్కడి నగర పోలీసులు విన్నారు. వాళ్లు చెప్పింది చాలా మామూలు సంగతి. వేలమంది వేలరకాలుగా వస్తారు. అందరినీ ఒకే దుడ్డుకర్రతో కొడితే అందరూ ఒక్కటవుతారు, అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని గూండానే నాయకుడవుతాడు. అందుకని పోర్చుగల్ పోలీసులు మామూలు యూనిఫాంలో జంటలు జంటలుగా జనంలో తిరిగారు. దారి చెప్పారు, కబుర్లు చెప్పారు. హెల్మెట్లు, డాళ్లు ఉన్న బలగాల్ని కనపడకుండా పక్క వీధుల్లో ఉంచారు. ఆ నగరాల్లో ఇంగ్లండ్ అభిమానుల పెద్ద గొడవ ఏదీ జరగలేదు. అదే సమయంలో ఇంకో పోలీసు దళం కింద ఉన్న అల్బుఫెయిరా బీచ్ ఊళ్లో మాత్రం రాత్రిళ్లు కొట్లాటలయ్యాయి. అదే దేశం, అదే అభిమానులు, అదే బీరు.

మన దగ్గరా పరీక్షలు వస్తూనే ఉన్నాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ ఉన్న రోజుల్లో అదీ, కేరళ బ్లాస్టర్స్ రెండూ పసుపు జట్లుగానే ఉండేవి. గచ్చిబౌలిలో వాళ్లిద్దరూ ఆడినప్పుడు కేరళ నుంచి, నగరంలో ఉన్న మలయాళీ ఉద్యోగుల ఇళ్ల నుంచి మంజప్పడ కదిలొస్తే స్టేడియంలో ఎవరి పసుపు ఎవరిదో తెలిసేది కాదు. చొక్కా రంగు చూసి మనవాడు, పరాయివాడు అని తేల్చే పోలీసు అక్కడేం చేస్తాడు? 2022 సెప్టెంబర్‌లో జింఖానా మైదానంలోనైతే ఆటే లేదు. ఉప్పల్ క్రికెట్ మ్యాచ్ టికెట్ల కోసం జనం వచ్చారు. తొక్కిసలాట, లాఠీచార్జీ, గాయాలు. ఆ క్యూలో నిలబడ్డవాళ్లలో మీ స్నేహితులు కూడా ఉండొచ్చు.

ఇక 2024 ఆగస్టు 18న కలకత్తాలో జరిగింది ఈ చరిత్రలో చిత్రమైన పుట. ఆర్.జి. కర్ ఆసుపత్రిలో డాక్టర్ హత్య మీద నగరం రగులుతున్న రోజులు. బందోబస్తు ఇవ్వలేమని మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ డ్యూరాండ్ మ్యాచ్ రద్దు చేశారు. వందేళ్ల పైబడిన వైరం ఉన్న రెండు జట్ల అభిమానులూ సాల్ట్ లేక్ స్టేడియం బయట కలిసి నిలబడి న్యాయం కావాలన్నారు. మహమ్మడన్ అభిమానులూ వచ్చారు. లాఠీలు లేచాయి. ఆ సాయంత్రం అక్కడ అవతలి జట్టు అంటూ ఏదీ మిగల్లేదు. పోలీసులకి మాత్రం ఎదుట ఉన్నది, ఎప్పట్లాగే, చెదరగొట్టాల్సిన గుంపు.

తెలుగులో ఇంకో మాట ఉంది, సాగనంపడం. ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మం దగ్గరే వదిలెయ్యం. వీధి చివరదాకా నడుస్తాం, బస్సు ఎక్కేదాకా ఉంటాం, చీకటైతే టార్చి ఇస్తాం. వచ్చినవాడు మనతో పందెంలో ఓడినా, గెలిచినా అంతే. ఇందులో మంచితనం ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. వాడు క్షేమంగా పోతేనే మన వీధి క్షేమం. స్టేడియానికి ఇది వర్తింపజేస్తే చేయాల్సిన పనులు పెద్దవేం కావు. గేట్లు బయటికి తెరుచుకోవాలి, ఆట ముగిసే పది నిమిషాల ముందే తెరిచి ఉండాలి. వెళ్లే దారిలో లైట్లుండాలి, ఆఖరి బస్సు ఆఖరి మనిషి కోసం ఆగాలి. గేటు దగ్గరున్న పోలీసుకి లాఠీతో పాటు వచ్చినవాడి భాషలో ఏ దారిన పోవాలో చెప్పగలిగే నాలుగు మాటలు రావాలి.

ఇవేవీ పోలీసులకి తెలియనివి కావు. ఒకప్పుడు హైదరాబాద్ పోలీసులు బొంబాయికి, ఢిల్లీకి పరాయి జట్టుగా వెళ్లి, పరాయి జనం మధ్య ఆడి, కప్పులు పట్టుకుని క్షేమంగా ఇంటికి వచ్చినవాళ్లే.