వధశాలనుండి వాద్యశాలకు

పారిసు నగరపు ఈశాన్యమున లా విల్లెత్ అను పేట కలదు. 1867లో అచట గొప్ప పశువుల సంతయు, వధశాలలును నెలకొనెను, 1974లో మూతపడెను. పిమ్మట ఆ నేలపై క్రిస్తియాన్ ద పోర్జాంపార్క్ అను వాస్తుశిల్పి సంగీతసౌధమును నిర్మించెను. 1864లో ఆ నగరపు సంగీత కళాశాల ప్రజలకు చూపనారంభించిన ప్రాచీన వాద్యములకు 1997లో అందు నిలయము ఏర్పడెను.

సంతనాటి మూడు ఇనుపశాలలలో ఎద్దుల శాలను మాత్రము పడగొట్టక, సభలకును ప్రదర్శనలకును బాగుచేసిరి. నేను మిక్కిలి మెచ్చినది ఇదియే. రక్తము చిందిన చోటని ఆనవాలు లేకుండ తుడిచివేయవచ్చును. కాని మన మృదంగమునకు తోలు ఎక్కడిది? వారి ఫిడేళ్లకు పూర్వము బిగించిన తంత్రులు గొఱ్ఱె ప్రేగులే గదా! వాద్యములు చూడబోవువారికి నేటికిని ఆ ఇనుపశాల ప్రక్కనే కనబడును.