గోండీకి అక్షరం ఒక్కటే చాలదు

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో జయధీర్ తిరుమలరావు నాయకత్వంలోని పరిశోధకులు వెలికితీసిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్ 11.0లో 63 సంకేతాలతో చోటు దక్కింది. అది పెద్ద విజయమే, కానీ సగం విజయం. గోండీ ఒకే లిపికి ఎన్నడూ కట్టుబడలేదు. 1940లో జోడేఘాట్‌లో గోండు పోరాట నాయకుడు కుమ్రం భీం మరణించాక నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. 1943లో మార్లవాయిలో మొదలైన ఉపాధ్యాయ శిక్షణకు ఆయన తయారుచేయించిన గోండీ వాచకాలు దేవనాగరిలో అచ్చయ్యాయి. అప్పటి ఆదిలాబాద్ గోండులకు మరాఠీ పరిచితం కావడమే అందుకు కారణం. తర్వాత తెలుగు లిపిలోనూ గోండీ పాఠాలు వచ్చాయి. అంతకుముందే, 1918లో, మంగళ్ సింగ్ మసరాం మరో లిపి రూపొందించారు. పాలన, బడి మారినప్పుడల్లా లిపి మారింది, భాష మాత్రం నిలిచింది. అందుకే వెబ్ పేజీలో లిపితో పాటు భాషనూ విడిగా ప్రకటించాలి.

దానికి సాధనం ఎప్పటినుంచో ఉంది. 1997 డిసెంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 4.0లో 'లాంగ్' అనే ఆట్రిబ్యూట్ ఉంది. పేజీలోని మూలకాలను కోడ్‌కు అందించే 1998 నాటి డామ్ ప్రమాణం 'గెట్‌ఆట్రిబ్యూట్' ద్వారా జావాస్క్రిప్ట్‌కు దాన్ని చదివే దారి చూపింది. ఆదిలాబాద్ గోండీకి 'డబ్ల్యూఎస్‌జీ' అనే భాషాకోడ్ ఉంది, పక్కన లిపి కోడ్ కూడా చేర్చవచ్చు. అక్షరాలు చూసి యంత్రమే భాషను పోల్చుకుంటుంది కదా అని కొందరు అనవచ్చు. గుంజాల లిపి విషయంలో అది నిజమే. కానీ తెలుగు లిపిలో ఉన్న గోండీ పాఠం యంత్రానికి తెలుగులానే కనిపిస్తుంది, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని తెలుగు ఉచ్చారణతోనే పలుకుతుంది.

మనుషులు రాసే గుర్తు తప్పు కావచ్చు, అసలు రాయకపోనూవచ్చు అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. జావాస్క్రిప్ట్ కోడ్ ఆ గుర్తును ఉన్నదున్నట్టు చదువుతుంది, లేకపోతే 'నల్' (ఏమీ లేదు) అని తిరిగిస్తుంది. పైగా భాష గుర్తు పై మూలకం నుంచి కిందికి వర్తిస్తుంది, కానీ గెట్‌ఆట్రిబ్యూట్ అడిగిన మూలకం ఒక్కదాన్నే చూస్తుంది. కాబట్టి కోడ్ మెట్టుమెట్టుగా పైకెక్కి వెతకాలి. ఇవన్నీ సరిదిద్దగల లోపాలే. తప్పుగా ప్రకటిస్తే ఎవరైనా చూసి దిద్దవచ్చు, యంత్రం లోలోపల వేసిన ఊహ తప్పిందని పాఠకుడికి తెలిసే దారే లేదు. గోండీ పాఠాలను వెబ్‌లో పెట్టే ప్రతి సంస్థా, ఏ లిపి ఎంచుకున్నా, భాషాకోడ్‌ను తప్పనిసరి చేసుకోవాలి.