ఇగ్నిషన్ టైమింగ్

పెట్రోలు ఇంజన్‌లో పిస్టన్ ఏ స్థానంలో ఉండగా స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేయాలో నిర్ణయించడాన్ని ఇగ్నిషన్ టైమింగ్ అంటారు. దీన్ని క్రాంక్‌షాఫ్ట్ తిరిగే డిగ్రీల్లో లెక్కిస్తారు. మొదట డ్రైవర్ చేతిలో ఉన్న ఈ పని తర్వాత డిస్ట్రిబ్యూటర్‌కు, చివరకు కంప్యూటర్‌కు చేరింది.

అవసరం

రవ్వ పడగానే సిలిండర్‌లోని మిశ్రమమంతా ఒక్కసారిగా మండదు. మంట పాకడానికి కొంత వ్యవధి కావాలి. క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతుంటే ఒక మిల్లీసెకనులో 6 డిగ్రీలు, 3,000 చుట్లయితే 18 డిగ్రీలు కదులుతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ రవ్వ ముందుగా పడాలి. మరీ ముందుగా పడితే ఇంజన్ టకటకమని కొట్టుకుంటుంది, పిస్టన్లు దెబ్బతింటాయి. ఆలస్యమైతే బండి లాగదు, ఇంజన్ వేడెక్కుతుంది.

చేతిమీట కాలం

1902లో బాష్ సంస్థ ఇంజనీరు గాట్‌లోబ్ హోనోల్డ్ రవ్వకు కావలసిన కరెంటు పుట్టించే అధిక వోల్టేజీ మాగ్నెటోను రూపొందించాడు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో స్టీరింగ్‌కు ఎడమ పక్కన స్పార్క్ మీట, కుడి పక్కన థ్రాటిల్ మీట ఉండేవి. ఇంజన్‌ను స్టార్ట్ చేయడానికి హ్యాండిల్ తిప్పే ముందు స్పార్క్ మీటను పైకి నెట్టి రవ్వను ఆలస్యం చేయాలి. మరచిపోతే ఇంజన్ వెనక్కి తన్ని చేయి విరిగే ప్రమాదం ఉండేది.

డిస్ట్రిబ్యూటర్

చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 కాడిలాక్‌లో వచ్చింది. కరెంటును తెంచి రవ్వ పుట్టించే పాయింట్లు, కాయిల్, డిస్ట్రిబ్యూటర్‌తో పనిచేసే ఆ పద్ధతి దశాబ్దాల పాటు ప్రామాణికమైంది. వేగాన్ని బట్టి విచ్చుకునే బరువులు, ఇంజన్ లాగుడును బట్టి కదిలే వాక్యూమ్ డయాఫ్రం డిస్ట్రిబ్యూటర్‌లో చేరాక చేతిమీటతో పని లేకపోయింది. మెకానిక్ మాత్రం ప్రారంభ టైమింగ్ పెట్టక తప్పలేదు.

సరిచేసే విధానం

హిందుస్థాన్ అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వాడిన 1,489 సీసీ బీఎంసీ బీ-సిరీస్ ఇంజన్ టైమింగ్ సరిచేసే తీరుకు మంచి ఉదాహరణ. దాని ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో రవ్వ పడే వరస, 1-3-4-2. ముందుగా పాయింట్ల గ్యాప్ సరిచేయాలి. లూకాస్ 25డి డిస్ట్రిబ్యూటర్‌కు అది 0.014 నుంచి 0.016 అంగుళం. గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి ఈ వరస తప్పకూడదు.

తర్వాత ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉండగా ఇంజన్‌ను అది నడిచే దిశలోనే తిప్పుతూ, పుల్లీ మీది గాటును సూచిక దగ్గరికి తెస్తారు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే టెర్మినల్‌కూ బాడీకీ మధ్య చిన్న బల్బు తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, క్లాంప్ వదులు చేసిన డిస్ట్రిబ్యూటర్‌ను మెల్లగా తిప్పుతారు. పాయింట్లు విడిపోయిన క్షణాన బల్బు వెలుగుతుంది. అక్కడే బోల్టు బిగిస్తారు. ఇంజన్ నడుస్తుండగా చూడాలంటే స్ట్రోబ్ లైటు వాడతారు. ఒకటో ప్లగ్ తీగకు రవ్వ అందిన ప్రతిసారీ లైటు మెరవడంతో, తిరుగుతున్న పుల్లీ మీది గాటు ఆగినట్టు కనిపిస్తుంది.

ఎలక్ట్రానిక్ దశ

1973 నాటికి క్రైస్లర్ తన అమెరికా కార్లన్నిటిలో పాయింట్లు లేని ఇగ్నిషన్ పెట్టింది. 1977 ఓల్డ్స్‌మొబీల్ టొరొనాడోలో మైక్రోప్రాసెసర్ టైమింగ్‌ను నడిపించింది. 1979లో బాష్ మోట్రానిక్ ఇంధనాన్నీ ఇగ్నిషన్‌నూ ఒకే కంప్యూటర్ కిందికి తెచ్చింది. పాత కార్లకు నేడు ఎలక్ట్రానిక్ కిట్లు దొరుకుతున్నాయి. వాటితో పాయింట్ల అరుగుదల బెడద తీరుతుంది, కానీ బిగించాక డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి టైమింగ్ ఒకసారి సరిచూడాల్సిందే.