చిన్న మోటారు వెనుక పెద్ద చరిత్ర

మా తాత సోలాపూర్‌లో నలభై ఏళ్లు సాంచాల మీద పనిచేశాడు. ఇప్పుడు ఆయనకు చెవులు వినబడవు. మధ్యాహ్నం ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు ఎవరైనా తలుపు కొడితే తెలియదు. ఒకసారి మా మేనత్త ఎండలో అరగంట నిలబడి తిరిగి వెళ్లిపోయింది. సంగతి తెలిసి తాత ఆ రాత్రి అన్నం తినలేదు. అందుకే ఈ ఏడాది సైన్స్ ప్రదర్శనకు నేను ఒక గంట చేద్దామనుకున్నా. చెవికి కాదు, చేతికి తెలిసే గంట.

దానికి ముఖ్యంగా కావలసినవి రెండు. ఒకటి సెల్‌ఫోన్‌లో ఉండే లాంటి వైబ్రేషన్ మోటారు. బిళ్లలా ఉంటుంది, అడ్డంగా కొలిస్తే 10 మిల్లీమీటర్లు. రెండోది ఆర్డుయినో ఊనో అనే బోర్డు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకుందామని మొదలుపెడితే 200 ఏళ్లు వెనక్కి పోవలసి వచ్చింది.

1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్, కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. మరుసటి ఏడాది, 1821లో, లండన్‌లో మైకేల్ ఫారడే ఆ కదలికను తిరుగుడుగా మార్చాడు. గిన్నెలో పాదరసం పోసి, మధ్యలో అయస్కాంతం నిలబెట్టి, పైనుంచి తీగ వేలాడదీశాడు. కరెంటు ఇవ్వగానే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగింది. ఫారడే తండ్రి కమ్మరి. ఫారడే తానే చిన్నప్పుడు పుస్తకాలు కుట్టే దుకాణంలో పని నేర్చుకున్నాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలు చదివే సైన్స్ నేర్చుకున్నాడు.

అమెరికాలో థామస్ డావెన్‌పోర్ట్ కూడా కమ్మరే. ఆయన 1837లో విద్యుత్ మోటారుకు పేటెంట్ తీసుకున్నాడు. ఒక తీగకు ఇంకో తీగ తగలకుండా గుడ్డ చుట్టాలి కదా, దానికి ఆయన భార్య ఎమిలీ తన పెళ్లి పట్టు బట్టను చించి ఇచ్చిందని చెబుతారు. ఇది చదివి మా అవ్వకు చెప్పాను. "అంత పట్టు చించిందా!" అని అవ్వ చాలాసేపు బాధపడింది. నేత ఇల్లు కదా మాది. డావెన్‌పోర్ట్‌కు ఆ మోటారు వల్ల డబ్బులు రాలేదు. అప్పుల పాలై 1851లో చనిపోయాడు.

ఇక వైబ్రేషన్ మోటారు. మామూలుగా మోటారు వణక్కుండా తిరగాలని బరువును అన్ని వైపులా సమానంగా ఉంచుతారు. దీంట్లో కావాలనే ఒక వైపు బరువు పెడతారు. అందువల్ల తిరిగినప్పుడు అదురుతుంది. అంటే మిగతా మోటార్లలో తప్పు అయినది దీంట్లో పని. ఇలాంటివి పేజర్లలో, తర్వాత సెల్‌ఫోన్లలో వచ్చాయి. 1996లో వచ్చిన మోటరోలా స్టార్‌టాక్ వైబ్రేషన్ ఉన్న తొలి ఫోన్లలో ఒకటి. మా మోటారు లాంటివి నిమిషానికి సుమారు 12,000 సార్లు, అంటే సెకనుకు 200 సార్లు తిరుగుతాయి. మన చర్మం లోపల ఇలాంటి అదురును పట్టే చిన్న చిన్న గుళికలు ఉన్నాయట. 1831లో ఇటలీలో ఫిలిప్పో పచీనీ అనే 19 ఏళ్ల విద్యార్థి వాటిని చూశాడు. మాకంటే నాలుగేళ్లే పెద్ద!

బోర్డు కథ కూడా ఇటలీదే. ఇవ్రేయా అనే ఊళ్లోని డిజైన్ విద్యాసంస్థలో ఎర్నాండో బర్రగాన్ అనే కొలంబియా విద్యార్థి 2003లో వైరింగ్ అనే పని మొదలుపెట్టాడు. ఇంజనీర్లు కానివాళ్లు కూడా మైక్రోకంట్రోలర్‌తో పని చేయించగలగాలి అని ఆయన ఉద్దేశం. దాని మీద ఆధారపడి 2005లో అక్కడే మాసిమో బాంజీ, ఆయన తోటివాళ్లు ఇంకా చవకైన బోర్డు చేశారు. వాళ్లు కూర్చునే ఒక బార్‌కు వెయ్యేళ్ల కిందటి రాజు ఆర్డుయిన్ పేరు ఉండేది. ఆ పేరే బోర్డుకు పెట్టారు. ఆర్డుయినో పేరు అందరికీ తెలుసు, బర్రగాన్ పేరు తెలిసినవాళ్లు తక్కువ. వాళ్లు బోర్డు నమూనాను దాచుకోకుండా అందరికీ ఇచ్చేశారు. అందుకే అది మా బడి దాకా రాగలిగింది.

నేను మొదట మోటారును నేరుగా బోర్డు పిన్నుకు కలిపేశాను. అది కాసేపు గొణిగి ఆగింది. తర్వాత ఆ పిన్ను ఎందుకూ పనికిరాకుండా పోయింది. తప్పు నాదే. పిన్ను ఇవ్వవలసింది 20 మిల్లీ ఆంపియర్లు, 40 దాటితే చెడిపోతుంది. మోటారుకు దాదాపు 70 కావాలి. మా సైన్స్ సార్ తిట్టలేదు. "మధ్యలో ట్రాన్సిస్టర్ పెట్టు" అన్నారు.

ట్రాన్సిస్టర్ అంటే చెరువు తూము లాంటిది. చిన్న బలంతో తలుపు ఎత్తితే పెద్ద నీళ్లు పోతాయి. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెన్ దాన్ని మొదట పనిచేయించారు. 1956లో వాళ్లకు, షాక్లీకి కలిపి నోబెల్ వచ్చింది. బోర్డు పిన్ను నుంచి 1,000 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ట్రాన్సిస్టర్‌కు చిన్న కరెంటు ఇచ్చాను. మోటారుకు కావలసిన పెద్ద కరెంటు 5 వోల్టుల పిన్ను నుంచి వస్తుంది. మోటారుకు అడ్డంగా ఒక డయోడ్ కూడా పెట్టాలి. ఎందుకంటే కరెంటు ఆపగానే తీగచుట్ట ఎదురు దెబ్బ కొడుతుంది. దీన్ని జోసెఫ్ హెన్రీ 1832లోనే రాశాడు. మోటారు 3 వోల్టులది కాబట్టి 0 నుంచి 255 దాకా ఉండే వేగం అంకెను 150 దగ్గర ఆపాను.

తలుపు దగ్గర బటన్, తాత మంచం కింద బోర్డు, తాత చేతికి గుడ్డ పట్టీలో కుట్టిన మోటారు. తీగ ఉంది కాబట్టి మంచం మీద ఉన్నంతసేపే పనికొస్తుంది. మొదటిసారి బటన్ నొక్కగానే తాత ఉలిక్కిపడ్డాడు. "నాడె కొట్టినట్టు కొడ్తంది బిడ్డా!" అన్నాడు. తర్వాత నవ్వాడు.

85 డెసిబెల్స్ మించిన చప్పుడులో రోజూ 8 గంటలు ఏళ్ల తరబడి ఉంటే చెవులు దెబ్బతింటాయని సార్ చెప్పారు. సాంచాల ఖార్ఖానాలో పక్కవాడు అరిచినా వినబడదు. ఆ సాంచాలను తిప్పేది కూడా ఫారడే తిప్పిన లాంటి మోటారే. అదే మోటారు తాత ఇంటికి కూడు పెట్టింది, ఆయన చెవులు తీసుకుంది. ఇప్పుడు చిన్నదై వచ్చి తలుపు దగ్గర ఎవరో ఉన్నారని చెబుతోంది.

మోటారు చేసినవాళ్ల పేర్లు, ట్రాన్సిస్టర్ చేసినవాళ్ల పేర్లు నాకు పుస్తకాల్లో దొరికాయి. సాంచాల మీద చెవులు పోగొట్టుకున్న మా గల్లీ తాతల పేర్లు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. వచ్చే సెలవుల్లో వాళ్లందరి దగ్గరికి పోయి, ఎన్నేళ్లు పనిచేశారో, ఎప్పటి నుంచి వినబడడం లేదో అడిగి నోటుపుస్తకంలో రాయాలనుకుంటున్నాను. పక్కింటి తాత ఇప్పటికే తనకూ ఒక పట్టీ కావాలన్నాడు. ఈసారి పిన్ను కాల్చను.