హిల్స్‌బరో: మూడుంబావు తరువాత

జనసమ్మర్దంలో మరణాలు సంభవించినప్పుడు మన పత్రికలు ‘తొక్కిసలాట’ అని వ్రాస్తాయి. ఆ మాట వినగానే, పడిపోయినవారిని తొక్కుకుంటూ పరుగెత్తే గుంపు మన కళ్ళకు కడుతుంది. మనకు తెలియకుండానే ఆ గుంపుమీద నేరం మోపుతాము. ఈ తలపు ఎంతటి అన్యాయానికి దారితీయగలదో గ్రహించాలంటే, 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో అసువులు బాసినవారిని స్మరించుకోవాలి.

ఆనాడు హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్. ఆట మూడు గంటలకు. లివర్‌పూల్ అభిమానులకు కేటాయించిన లెపింగ్స్ లేన్ వైపు ప్రవేశద్వారాలు చాలక, వెలుపల రద్దీ ప్రమాదకరంగా పెరిగింది. 2.52 గంటలకు పోలీసుల ఆదేశంపై ఒక పెద్ద గేటు తెరిచారు. దానికెదురుగా ఉన్న సొరంగమార్గం, అప్పటికే క్రిక్కిరిసిన నడిమి ఆవరణలలోకి పోతుంది. ఆ మార్గాన్ని మూసి జనాన్ని ప్రక్కలకు మళ్ళించవలసింది. ఆ పని జరగలేదు. ముందు ఇనుపకంచె, వెనుక వచ్చిపడే జనం. ముందున్నవారి అవస్థ వెనుకవారికి కనబడదు. 3.06కు ఆట ఆపేనాటికే ఘోరం జరుగుతూ ఉంది.

వారి ప్రాణాలు ఎలా పోయాయో వైద్యునిగా వివరిస్తాను. మనం ఊపిరి పీల్చాలంటే ఉదరవితానం క్రిందికి దిగాలి, ప్రక్కటెముకలు వెలుపలికి వ్యాకోచించాలి. నలువైపులా ఒత్తిడి పెరిగితే ఛాతీకి కదిలే చోటుండదు. ముక్కు, నోరు తెరుచుకునే ఉన్నా గాలి లోపలికి పోదు. మెదడుకు ప్రాణవాయువు అందక మనిషి నిలుచున్నచోటనే స్పృహ తప్పుతాడు. అయితే స్పృహ తప్పడం మరణం కాదు. ఒత్తిడి తొలగించి, శ్వాసమార్గం తెరిచి, ప్రక్కకు తిప్పి పడుకోబెడితే కొందరు బ్రతుకుతారు. వెల్లకిల వదిలేస్తే నాలుక వెనుకకు జారి ఊపిరి ఆగిపోవచ్చు.

ఈ చిన్న భేదమే తరువాతి చరిత్రకు కీలకమైంది. స్టేడియం వెలుపల అంబులెన్సులు బారులు తీరినా, మైదానంలోకి వచ్చినవి వ్రేళ్ళమీద లెక్కించదగినన్నే. అభిమానులే ప్రకటనల బల్లలు ఊడబెరికి వాటిపై క్షతగాత్రులను మోశారు. ఆనాడే 94 మంది మరణించారు. మొత్తం మృతులలో పదేళ్ళ బాలుడు మొదలు 67 ఏళ్ళ వృద్ధుని వరకు ఉన్నారు.

మరణానంతరం వారికి మరొక శిక్ష పడింది. అభిమానులే గేటును బలవంతంగా తెరుచుకొని వచ్చారని పోలీసు అధికారి డేవిడ్ డకెన్‌ఫీల్డ్ అసత్యం పలికాడు. మృతుల రక్తంలో, పిల్లల రక్తంలో సైతం, మద్యం కోసం పరీక్షలు జరిపారు. 1989 ఆగస్టులోనే లార్డ్ జస్టిస్ టేలర్, పోలీసు నియంత్రణ వైఫల్యమే ప్రధానకారణమని తేల్చినా నింద తొలగలేదు. మరణవిచారణ అధికారి 3.15 గంటల వద్ద గీత గీశాడు: ఆపాటికే అందరూ చికిత్సకు అందని స్థితికి చేరారు కనుక, ఆ తరువాతి సంగతులు విచారించనక్కరలేదన్నాడు. 1991లో ‘ప్రమాదవశాత్తు మరణం’ అని తీర్పు వెలువడింది.

పదిహేనేళ్ళ కుమారుణ్ణి కోల్పోయిన ఒక తల్లి ఆ గీతను అంగీకరించలేదు. నాలుగు గంటల ప్రాంతంలో కూడా తన బిడ్డలో ప్రాణమున్నదని, చూసినవారి సాక్ష్యాలతో ఇరవై ఏళ్ళకు పైగా వాదించింది. 2012లో స్వతంత్ర విచారణ సంఘం వైద్యపత్రాలను పరిశీలించి, 41 మందికి బ్రతికే అవకాశం ఉండెనని ప్రకటించింది. 164 పోలీసు వాఙ్మూలాలను మార్చారనీ వెల్లడించింది. ఆ ఏడాది డిసెంబరులో పాత తీర్పు రద్దయింది. ఆ తల్లి మరుసటి ఏప్రిల్‌లో కన్నుమూసింది. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ, మృతులు చట్టవిరుద్ధంగా చంపబడ్డారనీ, అభిమానుల ప్రవర్తన కారణం కాదనీ తీర్పు చెప్పింది. అయితే 2019లో నేరవిచారణ డకెన్‌ఫీల్డ్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది.

ప్రాణవాయువు అందని ఆ నిమిషాలు కొందరిని ఏళ్ళ తరబడి వెంటాడాయి. స్పృహ రాకుండా నాలుగేళ్ళు పడివున్న టోనీ బ్లాండ్ 1993లో, న్యాయస్థానం కృత్రిమ పోషణ నిలిపివేతకు అనుమతించిన పిదప మరణించాడు. 2011లో అరుణా షాన్‌బాగ్ కేసులో మన సుప్రీంకోర్టు ఆ తీర్పును విస్తృతంగా చర్చించింది. నాడు మెదడు దెబ్బతిన్న మరొకరు 2021లో, 32 ఏళ్ళ తరువాత మరణించగా, ఆయనను 97వ మృతునిగా లెక్కించారు.

పాఠకమహాశయులారా! జాతరలలో, పుష్కరాలలో, ఆటస్థలాలలో ముందున్నవారు కదలలేకపోతుంటే వెనుకనుండి నెట్టకండి. ఇరుక్కుంటే చేతులు మడిచి ఛాతీముందు అడ్డుపెట్టుకొని ఊపిరికి చోటు కాపాడుకోండి. స్పృహ తప్పినవారిని చూసి చనిపోయారని తేల్చవద్దు. శ్వాస ఉంటే ప్రక్కకు తిప్పండి, లేకుంటే వెంటనే ఛాతీని నొక్కుతూ గుండెను ఆడించే ప్రయత్నం చేయండి. ఇకపై ‘తొక్కిసలాట’ అన్న వార్త చదివినప్పుడు, తొక్కినదెవరని అడిగేముందు, దారి మూయవలసినవారెవరో, తెరవవలసినవారెవరో అడగండి.