మన్యం ఉప్పు: రెండు గ్రంథుల చరిత్ర

తూర్పు కనుమల గిరిజనుల ఆరోగ్యం ప్రస్తావనకు వస్తే మొదట స్ఫురించేది మలేరియా. వినాళ గ్రంథుల రుగ్మతలు అరుదుగా చర్చకు వస్తాయి. అరకు ప్రాంతంలో వీటి చారిత్రక నేపథ్యాన్ని గ్రహించడానికి ఉప్పు ఒక ఆధారం.

మూత్రపిండాల పైనుండే ఎడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్నప్పుడు కలిగే తీవ్ర నీరసాన్ని, చర్మం నల్లబడటాన్ని 1855లో లండన్ వైద్యుడు థామస్ ఎడిసన్ గ్రంథస్థం చేశాడు. నాటి రోగులలో దీనికి క్షయ ఒక ప్రధాన కారణం. ఈ రోగులు ఉప్పుకోసం తపించడానికి కారణం 1953లో వేరుచేసిన ఆల్డోస్టిరాన్ హార్మోనుతో మరింత స్పష్టమైంది. శరీరంలో సోడియాన్ని నిలిపి ఉంచేది ఆ హార్మోనే. ఆరోగ్యవంతులు ఉప్పు తక్కువగా తిన్నప్పుడు అది పెరిగి, సోడియం నష్టాన్ని తగ్గిస్తుంది.

అయోడిన్ కొరతకు ఇటువంటి సర్దుబాటు చాలదు. కొండవాలు నేలల్లోని అయోడిన్‌ను వానలు కడిగివేస్తాయి. అక్కడి పంటల్లోనూ అది తగ్గుతుంది. కొరత కొనసాగితే థైరాయిడ్ ఉబ్బి గలగండం ఏర్పడుతుంది. గర్భిణికి అయోడిన్ చాలకపోతే శిశువు మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

మన్యానికి ఉప్పు తీరం నుండి చేరవలసిందే. మద్రాసు రాజధానిలో 1805 నుండి ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధిపత్యం ఉండేది. సంతలో చింతపండు, కరక్కాయలు ఇచ్చి ఉప్పు తెచ్చుకొనే గిరిజనుడు వర్తకుడు చెప్పిన లెక్కకు లోబడవలసి వచ్చేది. అప్పుల వడ్డీని, భూమి బదిలీని అదుపు చేయడానికి 1917లో ఏజెన్సీ చట్టం వచ్చింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయాన్ని కొని, నిత్యావసరాలను అందించింది.

అయితే ఉప్పు అందినంత మాత్రాన అయోడిన్ అందదు. సముద్రపు కల్లుప్పులో సహజంగా ఉండే అయోడిన్ బహుస్వల్పం. 1962లో జాతీయ గలగండ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. తినే ఉప్పంతటికీ అయోడిన్ కలపాలని 1983లో నిర్ణయించారు. అయోడిన్ లేని ఉప్పు అమ్మకంపై ఉన్న కేంద్ర నిషేధాన్ని 2000లో ఎత్తివేసి, 2006లో మళ్ళీ విధించారు.

కనుక గలగండాన్ని గిరిజనుల అజ్ఞానానికి ఆపాదించడం చరిత్రకు విరుద్ధం. నేల, వాన, వర్తకం, ప్రభుత్వ విధానం కలిసి ఆ రుగ్మతను రూపొందించాయి. గలగండ నివారణకు సంతలో దొరికే అయోడిన్ ఉప్పు చాలవరకు సరిపోతుంది. ఎడ్రినల్ లోపానికి మాత్రం రక్తపరీక్షతో నిర్ధారణ, సాధారణంగా జీవితాంతం హార్మోను మాత్రలు అవసరం. ఉప్పు కొండెక్కిన దారిలోనే ఆ వైద్యమూ చేరవలసి ఉంది.